కెమెరాకు కనిపించని సంపెంగ

కళాదర్శకులు విరూపాక్షం గారు ఇక లేరు. ఈ వాక్యం రాసి, కలం కింద పెట్టి, కాఫీ తాగి వచ్చి మళ్ళీ చదివాను. ఇంకా అలాగే ఉంది. వృత్తిరీత్యా నేను సినిమాలకు హాస్యం రాసుకునేవాణ్ణి. ఎంతటి వాక్యాన్నయినా పట్టుకుని కాస్త అటూ ఇటూ కుదిపితే నవ్వు రాలుతుందని నమ్మి, ఆ నమ్మకం మీదే సంసారం ఈదుకొస్తున్నవాణ్ణి. ఈ చిన్న వాక్యాన్ని ఎటు కుదిపినా ఏమీ రాలడం లేదు.

ముందురోజు సాయంకాలం ఆయనే ఫోను చేశారు. ఆ కంఠం ఫోనుకు లొంగేది కాదు. ఫిల్మ్‌నగర్‌లో ఆయన 'హలో' అంటే టోలిచౌకిలో కొట్ల వాళ్ళు 'ఆఁ' అని పలికేవారని ప్రతీతి. ఆ ప్రతీతికి కర్తను నేనే.

"ఏమయ్యా, రేపు పొద్దున్న టిఫిను మా ఇంట్లో. రెండు కళ్ళూ తెచ్చుకో. ముక్కు కూడా తెచ్చుకో. నీ అనుమానం ఎలాగూ నిన్ను వదిలి ఉండదు, అదీ వస్తుంది."

"విశేషం ఏమిటి గురువు గారూ?"

"ఇప్పుడే చెబితే నీ ఆశ్చర్యం కాస్తా ఫోనులోనే ఖర్చయిపోతుంది. దాచుకో. రేపు అవసరం పడుతుంది."

మర్నాడు ఆ టిఫిను మీద గౌరవంతో మంచినీళ్ళు కూడా ముట్టకుండా స్కూటరు మీద ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కుతున్నాను. దారిలో యాదగిరి ఫోను. యాదగిరిది కృష్ణానగర్. సెట్టింగుల పనిలో విరూపాక్షం గారి కుడిచెయ్యి. ఆయన పని మానేసినా ఇతను ఆయన్ని మానలేదు.

"రైటర్ సార్, ఏడున్నరు?"

"వస్తున్నానయ్యా. ఇడ్లీలు చల్లారిపోతున్నాయని తిడుతున్నారా?"



"సార్ లేడు సార్. చెట్టుకు నీళ్ళు పోసి గద్దె మీద కూసున్నడు. గంతే. డాక్టర్ వచ్చి చూసి, అయిపోయిందన్నడు."

స్కూటరు రోడ్డు పక్కన ఆపాను. వెనకనుంచి కార్లు హారన్లు కొట్టుకుంటూ పోయాయి. అంత దుర్వార్త విన్నా నా కడుపు ఆకలిగానే ఉంది, దానికింకా కబురు అందలేదు. నిజం చెప్పాలంటే ఇవాళ్టికీ నా పరిస్థితి అదే. నేనింకా ఆ టిఫినుకే బయలుదేరి ఉన్నాను.

విరూపాక్షం గారి పేరు ఎరగని పాఠకులు కూడా ఆయన తోటల్లో విహరించినవారే. వెండితెర మీద నాయిక ఏ ఉద్యానవనంలో పరుగెత్తినా, నాయకుడు ఏ పూపొద చాటునుంచి తొంగిచూసినా, ఆ వనసృష్టి చాలావరకు ఈ మహానుభావుడిదే. బ్రహ్మదేవుడికైనా ఒక తోట పూయించడానికి ఒక ఋతువు కావాలి. ఈయనకు ఒక రాత్రి, రెండు లారీలు చాలు. నర్సరీ నుంచి మొక్కలు అద్దెకు వచ్చేవి. నల్ల ప్లాస్టిక్ కవర్లతో సహా వాటిని రంపపుపొట్టులో కప్పెట్టేవారు. పూలు చాలని చోట గుడ్డపూలు సన్నని తీగతో కొమ్మలకు కట్టేవారు. తెల్లవారేసరికి వసంతం. పాట చిత్రీకరణ ముగియగానే మొక్కలు లారీ ఎక్కి నర్సరీకి వెళ్ళిపోయేవి, వసంతం మళ్ళీ సిమెంటు నేల అయ్యేది.

"కెమెరాకి ముక్కు లేదయ్యా, వీపున కళ్ళూ లేవు" అనేవారు. ఆయన కళాశాస్త్రమంతా ఆ ఒక్క సూత్రం. వాసన అక్కర్లేదు, వెనకభాగం అక్కర్లేదు. ఎదుటినుంచి చూస్తే స్వర్గం ఉండాలి.

ఆ సూత్రానికి తొలి బాధితురాలు ఆయన అర్ధాంగి సుభద్రమ్మ గారు. కొత్త పెళ్ళికూతురుగా, భర్తకు క్యారియరు పట్టుకుని మొదటిసారి స్టూడియోకు వెళ్ళారట. ఎదురుగా విరగబూసిన సంపెంగచెట్టు. ఆవిడ పుట్టింటి పెరట్లో సంపెంగ ఉండేది. అక్కడ తెగిన అనుబంధం ఇక్కడ దొరికిందనుకుని, ముచ్చటపడి, జడలోకి ఒక పువ్వు కోసుకోబోయారు. పువ్వుతో పాటు మూరెడు తీగ వచ్చింది. యూనిట్ అంతా నవ్వింది. "అందరికంటే ముందు నవ్వింది మీ గురువు గారే" అని ఆవిడ నాకు చాలాసార్లు చెప్పారు. చెప్పినప్పుడల్లా ఆయన ఏదో ఒక పేపరు తీసుకుని చదివేవారు. అది తలకిందులుగా ఉండేది.

పని విరమించాక ఆయన ఫిల్మ్‌నగర్ దాపున, జూబ్లీహిల్స్ కొండవాలున ఇల్లు కట్టుకున్నారు. ఆవిడ కోరిన కోరిక ఒక్కటే. "జీవితమంతా ఊరివాళ్ళ పాటలకు తోటలు వేశారు. నాకొకటి వెయ్యండి. సాయంత్రానికి పీకెయ్యని తోట."

"అదెంత పని? ఒక రాత్రి చాలు" అన్నారు ఆయన. అక్కడే వచ్చింది ప్రమాదం.

జూబ్లీహిల్స్‌లో నేల ఉంటుందనుకోవడం అపోహ. బండ ఉంటుంది. దాని మీద మర్యాదకు కాస్త దుమ్ము ఉంటుంది. గడ్డపార వేస్తే నిప్పులు లేస్తాయి గాని నీళ్ళు రావు. విరూపాక్షం గారి ఆవరణలో ఏనుగంత బండ ఒకటి, దాని పిల్లల్లాంటివి అరడజను ఉండేవి. భూమి పుట్టినప్పటి వాటిని చూసి ఆయన పెదవి విరిచారు. రంగులు, బ్రష్షులు తెప్పించారు.

"అసలు బండే కదండీ, దానికి రంగెందుకు?" అన్నారు సుభద్రమ్మ గారు.

"అసలుదే సుభద్రా. కాని చూస్తే నమ్మబుద్ధి కావడం లేదు. నాలుగు పగుళ్ళు గీసి, కింద కాస్త నాచు రంగు వేస్తే సహజంగా ఉంటుంది."

తొలకరికి ఆ నాచు కరిగి, గేటు దాటి, వీధంతా పచ్చగా పారింది. ఎదురింటి వాచ్‌మన్ పరుగెత్తుకొచ్చి, "సార్, మీ బండ రంగు పోతాంది" అని చెప్పిపోయాడు.

ఇక తోట. గృహప్రవేశానికి ముందురోజు రెండు లారీలు వచ్చాయి. తెల్లవారి మేము వెళ్ళేసరికి గులాబీలు, నందివర్ధనాలు, మందారాలు, నడుమ పచ్చిక, ఒక మూల అశోకచెట్లు. గేటులో నిలబడిన నాకు ఎవరో పాట మొదలుపెడతారేమోనని భయం వేసింది. వచ్చిన నిర్మాత ఒకాయన అక్కడికక్కడే "గురువు గారూ, ఒక్క పాట తీసుకుంటానండీ" అని చేతులు పట్టుకున్నాడు. విరూపాక్షం గారు ఆ రోజు నేలకు జానెడు ఎత్తున నడిచారు.

సుభద్రమ్మ గారు నన్ను వంటింట్లోకి పిలిచారు. "ఇటు రా తమ్ముడూ. ఇక్కణ్ణించి చూడు."

కిటికీలోంచి చూశాను. వెదురుబద్దలు, గోనెసంచులు, కట్టుతీగల కొసలు, ఒక రంగుడబ్బా, మొక్కల వీపులు. తోటంతా గేటుకేసి తిరిగి నవ్వుతోంది. వంటింటికి వెనకభాగం చూపిస్తోంది.

"అందరూ పాట చూస్తున్నారు" అన్నారు ఆవిడ, పులిహోర కలుపుతూ. "నేను సెట్టు వెనకాల చూస్తున్నాను. కాపురానికి వచ్చినప్పటినుంచీ ఇదే."

ఆ తోట పక్షం దాటలేదు. గులాబీలు తలలు వాల్చాయి, మందారాలు ఆకులు రాల్చి పుల్లలయ్యాయి. నీళ్ళ ట్యాంకర్లు తెప్పించారు, మందులు కొట్టించారు, దిష్టి తీయించారు. చివరికి సుభద్రమ్మ గారు ఒక ఎండుగులాబీని పట్టుకుని లాగారు. నల్లకవరుతో సహా చెక్కుచెదరకుండా చేతిలోకి వచ్చింది. రెండోదీ అంతే. మూడోదీ అంతే.

"ఏమయ్యా యాదగిరీ, కవరు తియ్యకుండా పాతారా?"

యాదగిరి ఆవిడ కేసి నిజమైన ఆశ్చర్యంతో చూశాడు. "కవర్ చింపితే మళ్ళ వాపస్ ఎట్ల ఇస్తమమ్మా?"

నేను ఫక్కున నవ్వాను. చుట్టూ చూస్తే నవ్వింది నేనొక్కణ్ణే. విరూపాక్షం గారు ఆ కవరు చేతిలోకి తీసుకుని బండ మీద కూర్చున్నారు. "వాణ్ణి ఏమీ అనకు సుభద్రా. వాడు పాతుతుంటే పక్కనే నుంచుని చూశాను. నాకూ తట్టలేదు." కవరు చీల్చారు. లోపల దారితెన్నూ లేక తమలో తామే చుట్టుకుని ఉండకట్టిన వేళ్ళు. వాటిని వేలితో తాకుతూ, "లోకంలో ఉన్న తోటలన్నీ వేశానయ్యా. వేరు మాత్రం ఇవాళే చూస్తున్నాను" అన్నారు.

పాఠకులు మన్నించాలి, ఆ మహాశిల్పి అసలు జీవితం అక్కణ్ణించి మొదలైందని నా అభిప్రాయం. అప్పటికాయనకు షష్టిపూర్తి దాటింది. మర్నాడే బండ కొట్టేవాళ్ళను పిలిపించి, గేటు వైపు కాదు, వంటింటి కిటికీ వైపు గొయ్యి తవ్వించారు. అందులో ఒక మోస్తరు నిర్మాత ఆఫీసు పట్టేది. ఊరవతలి చెరువులోంచి ఒండ్రుమట్టి వచ్చింది. దాని వెనకాలే లారీడు పశువుల ఎరువు వచ్చింది. వీధిలో విదేశీ కార్లన్నీ అద్దాలు ఎత్తుకున్నాయి. పక్కింటి పెద్దమనిషి గోడ మీదుగా చూసి దగ్గడం మొదలుపెట్టాడు. విరూపాక్షం గారు నాతో రహస్యంగా అన్నారు. "కెమెరాకి లేదు గాని, మా పక్కింటాయనకి ముక్కు ఉందయ్యా."

టోలిచౌకి దారిలోని నర్సరీకి దంపతులిద్దరితో నేనూ వెళ్ళాను. అలవాటు చొప్పున ఆయన కళ్ళు ఏపుగా పెరిగిన చెట్ల మీదికి పోయాయి. సుభద్రమ్మ గారు మాత్రం మూలనున్న మోకాలెత్తు సంపెంగ మొక్క ముందు ఆగిపోయారు.

"గది గింజ మొక్కమ్మా, అంటు కట్టింది గాదు" అన్నాడు నర్సరీ అతను. "శానా నిదానం. ఏడేండ్లో ఎనిమిదేండ్లో పడ్తది. పూస్తే పూస్తది."

"కాస్త ముందు కుదరదా?" అన్నారు విరూపాక్షం గారు, కాల్‌షీటు అడిగినట్టు.

"జర ఓపిక పట్టాలె సార్."

ఆ మొక్క కవరును ఆయన తన చేతులతో చీల్చారు. యాదగిరి చూస్తుండగా ముక్కలు ముక్కలు చేశారు. "ఒరేయ్, దీన్ని అద్దెకు తేలేదు. కాపురానికి తెచ్చాం" అన్నారు. తర్వాత ఆ ఆవరణలో నాటిన ప్రతి మొక్కకూ అదే మంత్రం. కరివేపాకు, నిమ్మ, బీర, దొండ, కనకాంబరాలు అన్నీ ఆ మంత్రంతోనే పాదుల్లోకి దిగాయి. కృష్ణానగర్ గదుల్లో వేషాల కోసం ఎదురుచూసే కుర్రాళ్ళు ఆదివారాలు వచ్చి సంచులు నింపుకుపోయేవారు. ఆ ఇంటి బీరకాయ ఒకటి పట్టుకుని నేను బంజారాహిల్స్ దాకా నడిచివెళితే, ట్రాఫిక్ పోలీసు ఆపి అది వాహనం కాదు కదా అని అడిగాడని రాస్తే నమ్మరు. అందుకని రాయడం లేదు.

సంపెంగ మాత్రం పూయలేదు. పెరిగింది, కిటికీని దాటింది, డాబాను అందుకుంది, పూయలేదు. బియ్యం కడిగిన నీళ్ళన్నీ దానికే. రోజూ పొద్దున్నే దాని కిందనున్న సిమెంటు గద్దె మీద కూర్చుని తల ఎత్తి చూడటం ఆయనకు సంధ్యావందనమైంది. "ఇంత టెక్కు ఏ కథానాయికలోనూ చూడలేదయ్యా. డేట్లు ఇవ్వదు, మేనేజరు చేతనైనా కబురు చెయ్యదు" అని నాతో వాపోయేవారు. ఒక రాత్రిలో వసంతాన్ని దింపిన మనిషికి ఒక్క పువ్వు కోసం ఏళ్ళతరబడి పడిగాపులు పడటమంటే ఎంత తపస్సో, కాల్‌షీట్ల లోకంలో బతికేవాళ్ళకే తెలుస్తుంది.

ఆ తపస్సుకు ఒకసారి భంగం కలిగింది. సుభద్రమ్మ గారు మోకాలి ఆపరేషను చేయించుకుని ఇంటికి వచ్చిన రోజు. కర్ర ఊతంతో వంటింట్లోకి వెళ్ళి, కిటికీలోంచి చూసి, "ఏవండీ, పూసింది" అన్నారు. యాదగిరి ఎక్కి కోసుకొచ్చి ఇచ్చాడు. ఆవిడ కళ్ళు మూసుకుని వాసన చూశారు. తర్వాత కళ్ళు తెరిచారు.

"ఏవండీ, పూసింది సంపెంగ. వాసన మల్లెది."

విరూపాక్షం గారు యాదగిరిని చూశారు. యాదగిరి ఆకాశాన్ని చూశాడు. "దుకాణపాయన సంపెంగ అత్తరనే ఇచ్చిండమ్మా" అన్నాడు నెమ్మదిగా. నోరులేని ఆ గుడ్డపువ్వు అసలైనదాని కంటే అందంగా ఉంది. చేసినవాడు సామాన్యుడా? పాపం, పూల రంగులు, రేకులు, కేసరాలు అన్నీ కంఠస్థమైన ఆ మహానుభావుడికి వాసనలు మాత్రం తెలియవు. ఆ అవసరం ఎన్నడూ రాలేదు మరి.

ఆవిడ కోప్పడలేదు. పువ్వును దేవుడి ముందు పెట్టి వచ్చి కూర్చున్నారు. "కెమెరాకి లేదేమో గాని నాకు ముక్కు ఉందండీ. నా చెట్టుకి ఇంకెప్పుడూ పువ్వు కట్టకండి. పూయకపోతే పూయకపోనివ్వండి. పూయని చెట్టైనా నాదే."

"కట్టను" అన్నారు ఆయన. ఆయన అంత చిన్న మాట మాట్లాడటం నేను వినడం అదే మొదలు.

ఇక ఆ ఉదయానికి వస్తాను. ఎంతసేపు చుట్టూ తిప్పినా రాక తప్పదు.

నేను వెళ్ళేసరికి ఇంటి ముందు పరిశ్రమ అంతా ఉంది. వరండాలో ఆయన్ని పడుకోబెట్టారు. విశాఖపట్నం నుంచి కూతురూ అల్లుడూ రావాలని కాచుకుని ఉన్నారు. పుష్పగుచ్ఛాలు కార్లు దిగుతున్నాయి. సహాయ దర్శకుడొకడు వాటిని టీవీ కెమెరాలకు కనపడేటట్టు గేటు వైపుకు తిప్పి సర్దుతున్నాడు. అన్నిటికీ ముందువైపే పూలు ఉన్నాయి, వెనక గడ్డి ఉంది. నేను ఆయన ముఖం చూడలేక నిలబడిపోయాను. సుభద్రమ్మ గారు పిలుస్తున్నారంటే వంటింట్లోకి వెళ్ళాను. కిటికీ దగ్గర స్టూలు మీద కూర్చుని ఉన్నారు. ఏడవడం లేదు. పొయ్యి మీద ఇడ్లీపాత్ర అలాగే ఉంది.

"చెట్టు చూడు తమ్ముడూ."

చూశాను. పైకొమ్మన, ఆకుల మధ్య, పసుపుపచ్చని సంపెంగ.

"పొద్దున్నే గద్దె మీంచి పిలిచారు. 'సుభద్రా, ఒకసారి కిటికీ దగ్గరికి రా' అన్నారు. చట్నీకి పోపు పెడుతున్నాను. అది దించి వచ్చేసరికి తల ఎత్తి చెట్టుకేసి చూస్తూనే ఉన్నారు. చూస్తున్నారనే అనుకున్నాను." పువ్వుకేసి చూశారు. "వాసన సంపెంగదే. అందుకే నాకు భయంగా ఉంది. ఆయన ఒకసారి చేసిన తప్పు రెండోసారి చెయ్యరు. ఈసారి బజారునుంచి అసలు పువ్వే తెచ్చి కట్టారేమో. నువ్వు ఎక్కి చూడు. తీగ ఉంటే ఉందని చెప్పు. రైటరు మాటలు చెప్పకు."

నిచ్చెన వేసుకుని ఎక్కాను. వరండాలో మనిషి పోయి ఉంటే పెరట్లో చెట్టెక్కిన నన్ను జనం ఏమనుకున్నారో తెలియదు. కొమ్మ అందింది. ఆకులు తప్పించాను. తీగ ఉంది. సన్నని, నునుపైన, సెట్టింగుల తీగ. ఆయన చేతి ముడి, నేను ఎక్కడున్నా పోల్చగలను. ఆవిడకు చెప్పవలసిన అబద్ధం అప్పటికప్పుడే నా నోట్లో తయారైపోయింది. అది నా వృత్తి.

కాని ఆ తీగ వెంట చూపు పోనిచ్చాను. అది పువ్వుకు లేదు. కొమ్మకు ఉంది. గాలికి విరిగిపోకుండా లేతకొమ్మను పక్కనున్న వెదురుకు ఆనించి, బెరడు ఒరుసుకోకుండా తన తువ్వాలు పీలిక ఒకటి మధ్యన చుట్టి కట్టారు. తీగ అక్కడితో ఆగిపోయింది. ఆ పైన కొమ్మ తనంత తాను సాగింది. ఆ కొమ్మ మీద, ఆకు మొదట్లోంచి, తన సొంత కాడ మీద ఆ పువ్వు. వేలితో కదిపాను. వదల్లేదు. వెనకాల, కిటికీకి కనపడని వైపు, ఆకుపచ్చగా ఇంకో మొగ్గ.

"తీగ ఉందక్కయ్యగారూ."

ఆవిడ కళ్ళు మూసుకున్నారు.

"కొమ్మకి ఉంది, విరక్కుండా. పువ్వుకి లేదు. పువ్వు చెట్టుదే."

"మళ్ళీ చెప్పు."

మళ్ళీ చెప్పాను. ఏమీ చేర్చలేదు. అప్పుడు ఆవిడ ఏడ్చారు.

యాదగిరి కిందినుంచి కళ్ళు తుడుచుకుంటూ అడిగాడు. "అమ్మా, కోసి సార్ చేతుల పెడ్దునా?"

"వద్దు యాదగిరీ. ఆయన వేసిన తోటలన్నీ పాట అవ్వగానే పీకేశారు. దీన్ని ఉండనియ్యి."

మధ్యాహ్నం ఆయన ప్రయాణం అయిపోయింది. సాయంత్రం పుష్పగుచ్ఛాలన్నీ వ్యాను ఎక్కించి ఎవరో తీసుకుపోయారు. ఆ పువ్వు రెండురోజులు ఉండి, రేకులు విప్పి, గద్దె మీద రాలింది. ఇవాళ రెండో మొగ్గ విచ్చిందని యాదగిరి కబురు చేశాడు. కోట్ల జనాన్ని వనవిహారం చేయించిన ఆ మహాశిల్పి వేసిన తోటల్లో ఇప్పుడు భూమ్మీద మిగిలింది ఆ పెరడొక్కటే. ఒక రాత్రిలో నందనవనం నిర్మించేవారు ఈ కొండ మీద ఇంకా దొరకవచ్చు. ఒక కిటికీ కోసం అన్నేళ్ళు గద్దె మీద కూర్చునే మనిషి మళ్ళీ మనకు దొరకడు.

గురువు గారూ, మీరు చెప్పినట్టే రెండు కళ్ళూ తెచ్చాను. ముక్కూ తెచ్చాను. అనుమానాన్ని మాత్రం మీ చెట్టుకిందే వదిలేసి వచ్చాను. మీరు దాచుకోమన్న ఆశ్చర్యం ఇంకా ఖర్చు కాలేదు.